బాగా చూసుకున్న చెట్లే ముందు ఎండాయి: ఒక వేపల వరుస కేస్ స్టడీ

2021 వర్షాకాలం ముగిసే వేళకు తెలంగాణలో ఎక్కడ చూసినా మాడిపోయిన వేపచెట్లే. చివరి రెమ్మల దగ్గర మొదలై కొద్ది వారాల్లోనే చెట్టంతా గోధుమ రంగుకు తిరిగేది. వేపకూ కరోనా సోకిందన్న మాట అప్పట్లో నేనే చాలాచోట్ల విన్నాను. ఆ సమయంలోనే హైదరాబాద్ శివారులోని ఒక కళాశాల నుంచి నాకు పిలుపు వచ్చింది. వాళ్ల ప్రాంగణంలో నలభైకి పైగా వేపలున్నాయి, అన్నీ ముప్పై ఏళ్లు పైబడినవే. వెనక వైపు కొన్ని ఎకరాల చిట్టడవి కూడా ఉంది. నేను వెళ్లేసరికే ఒక గుత్తేదారు అంచనా రాసి ఇచ్చేశాడు. వేపలన్నీ కొట్టేయాలి, కలప తనే తీసుకుపోతాడు, వాటి చోట తొందరగా ఎదిగే కోనోకార్పస్ నాటుతాడు. యాజమాన్యం దాదాపుగా ఒప్పుకుంది. అయితే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ దరఖాస్తుకు జతచేయడానికి, చెట్లు చచ్చిపోయాయని తెలిసినవాళ్లెవరైనా రాసిచ్చిన కాగితం ఒకటి ఉంటే బాగుంటుందని నన్ను పిలిచారు.

ఆ కాగితం నేను ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో, ఆ తర్వాత ఏం చేశామో, ప్రాంగణాల బాధ్యత చూసేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఎండిన చెట్టు, చచ్చిన చెట్టు

ముందు నిచ్చెన వేయించి చిన్న కత్తితో కొమ్మల బెరడు గీకుతూ వచ్చాం. పెన్సిలు లావు రెమ్మల్లో బెరడు కింద గోధుమ రంగు. చేతి మణికట్టు లావు కొమ్మ దగ్గరికి వచ్చేసరికి, కత్తి తగలగానే తడిగా, లేత ఆకుపచ్చగా పొర కనిపించింది. ఒకటి రెండు చెట్లు మినహా అన్నిటిలో ఇదే తీరు. పోయింది చాలావరకు ఆ ఏటి రెమ్మలే. వేప బెరడు కింద నిద్రాణంగా ఉండే మొగ్గలు మళ్లీ చిగురించగలవు. పైగా మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఉగాదికి పూతకొచ్చే చెట్టు అది. అక్టోబరులో చూసి దాని చావు నిర్ణయించడం తొందరపాటు. వచ్చే మార్చి దాకా ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి పెట్టవద్దన్నది నా మొదటి సిఫారసు.

జబ్బు మాత్రం నిజమే. ఫోమోప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం రెమ్మలను ఎండబెడుతుంది. పూతనూ కాయనూ కూడా పాడుచేస్తుంది. శాస్త్రీయంగా ఇది కొత్త జాతిగా 1997లో నమోదైంది. దీనికి తోడు టీ దోమ. పేరుకు దోమే గాని, అది రసం పీల్చే నల్లి జాతి పురుగు. జీడిమామిడి రైతులకు పాత శత్రువు. లేత రెమ్మలకు అది చేసిన గాట్లు ఎండి నల్లబడతాయి, జిగురు కారుతుంది. ఆ ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కూడా ఈ రెంటి గురించే చెప్పారు, చెట్లు చాలావరకు కోలుకుంటాయనీ అన్నారు. కానీ పచ్చటి ఊరు కళ్లెదుటే మాడిపోతుంటే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

నన్ను ఆలోచింపజేసింది జబ్బు కాదు. ప్రాంగణంలో వేపలు రెండు వరుసల్లో ఉన్నాయి. ప్రహరీ వెంబడి ఉన్న వరుసను ఎవరూ పట్టించుకోరు, అక్కడ చెత్త వేస్తారు, మేకలు తిరుగుతాయి. ప్రధాన భవనం ముందున్న వరుసకు మాత్రం మాలి, బడ్జెట్టు, అరుగు, రంగు, దీపాలు అన్నీ ఉన్నాయి. శిలీంధ్రం రెంటికీ సమంగానే సోకింది. ప్రహరీ చెట్లు చివర్లు ఎండి ఊరుకున్నాయి. భవనం ముందు చెట్లలో కొన్ని పెద్ద కొమ్మలు కూడా ఎండాయి, మానుల మీద బెరడు పలకలుగా ఊడింది. ఎక్కువ సేవ అందుకున్న చెట్లే ఎక్కువ దెబ్బతిన్నాయి. అంటే వెతకాల్సింది ఆ సేవలోనే.

అరుగు కింద

భవనం ముందు ప్రతి వేపకూ చుట్టూ ఇటుకలతో అరుగు కట్టి, అందులో రెండడుగుల ఎత్తున మట్టి నింపి, పైన గ్రానైటు పలకలు పరిచారు. అరుగు అవతల దారి పొడవునా సిమెంటు దిమ్మెలు. పిల్లలు కూర్చోవడానికి చక్కగా ఉంటుంది, కాదనను. ఒక అరుగు పలకలు లేపించి, పారలు పక్కన పెట్టించి, చేతులతోనూ నీటి పైపుతోనూ మట్టిని తీయించాం. మాను కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోయి ఉంది. నేల తాకే చోట వెడల్పుగా పరుచుకోవాల్సిన వేళ్ల మొదళ్ల జాడే లేదు. అడుగున్నర తవ్వాక బెరడు నల్లగా, తడిగా, వేలితో నొక్కితే దిగబడేంత మెత్తగా తగిలింది. పుల్లటి వాసన. ఆ పైన నింపిన మట్టిలోకి మాను నుంచి సన్నటి వేళ్లు కొత్తగా పుట్టుకొచ్చాయి. అందులో ఒకటి బొటనవేలంత లావై, అరుగు గోడను దాటలేక మాను చుట్టూ తిరిగి, దాన్నే బిగించేసింది.

దీని వెనక రెండు అపోహలున్నాయి. మొదటిది, చెట్టు పైకి ఎంత ఎత్తుందో వేరు కిందికి అంత లోతుకు పోతుందని. పాఠ్యపుస్తకంలో బొమ్మ అలా ఉంటుంది కాబట్టి ఇంజినీర్లు కూడా అలాగే నమ్ముతారు. వేప మొలకకు తల్లివేరు బలంగా ఉండే మాట వాస్తవమే. కానీ ఎదిగిన చెట్టుకు నీరూ లవణాలూ తెచ్చిపెట్టే సన్నటి వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, అవి పక్కలకు కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. రెండోది, వేరుకు నీళ్లుంటే చాలునని. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల మధ్య గాలి లేకపోతే నీటిలో ఉండి కూడా అది చస్తుంది. అరుగుమట్టి, దిమ్మెల కింద రోలరుతో గట్టిపడ్డ నేల, రెండూ కలిసి ఆ గాలిని ఆపేశాయి. వేళ్లు తగ్గిన చెట్టుకు ఆ ఏడాది ఆకులూ మాడాయి. ప్రహరీ చెట్ల దగ్గర తట్టుకోవడానికి పిండిపదార్థం నిల్వలున్నాయి, వీటి దగ్గర లేవు.

ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ముప్పై ఏళ్ల వేపకు మీటరు చాలదని నా అభిప్రాయం, అయినా ఆ ఉత్తర్వు మాట చెప్పాకే యాజమాన్యం అరుగులు పగలగొట్టడం గురించి వినడం మొదలుపెట్టింది.

గాయానికి మందు

భవనం ముందు వరుసలో ప్రతి చెట్టుకూ ఏదో ఒక చికిత్స జరిగింది. కోసిన చోటల్లా తారు పూశారు. తొర్రలను ఉలితో చెక్కి, మెత్తటి కలప గీకేసి, సిమెంటు నింపి, మాను రంగు వేశారు. పని నాణ్యంగా చేశారు, అదే చిక్కు. ఇదంతా చెట్టును మనిషి శరీరంలా ఊహించుకోవడం వల్ల వచ్చింది. పుండు శుభ్రం చేయాలి, మందు రాయాలి, కట్టు కట్టాలి.

చెట్టుకు గాయం ఆ అర్థంలో మానదు. మనకు తెగిన చోట కొత్త కణాలు పుట్టి పాతవాటి స్థానంలో చేరతాయి. చెట్టులో ఒకసారి పాడైన కలప ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. చెట్టు చేయగలిగింది దాన్ని గోడలు కట్టి వేరుచేయడం, బెరడు లోపలుండే కాంబియం పొర నుంచి ఆ పైన కొత్త కలప పోసుకోవడం. అమెరికా అటవీ విభాగంలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను మోటారు రంపంతో నిలువునా కోసి, ఈ గోడల తీరును 1977లో నాలుగు రకాలుగా వివరించాడు. పైకీ కిందికీ నీటి నాళాలను పూడ్చేది మొదటి గోడ, అన్నిటికన్నా బలహీనమైనదీ అదే. లోపలి వైపు రెండోది, పక్కలకు మూడోది. గాయం తర్వాత కాంబియం కొత్తగా కట్టేది నాలుగోది, అన్నిటికన్నా దిట్టమైనది. అందుకే గాయం తగిలిన నాటికి మాను ఎంత లావుందో, కుళ్లు సాధారణంగా అంతవరకే పాకుతుంది. ఆ తర్వాత పెరిగిన కలప శుభ్రంగా ఉంటుంది.

ఇది మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు. గాలికి విరిగిపడిన తొడ లావు వేపకొమ్మ ఒకటి గోడ పక్కన పడి ఉంటే దాన్ని నిలువునా కోయించాను. ప్రిన్సిపాల్, ఇంజినీరు, పెద్ద మాలి ముగ్గురూ నిలబడి చూశారు. లోపల తుప్పు పట్టిన మేకు, ఎప్పుడో జెండా పండుగ దీపాల తీగ కట్టడానికి కొట్టినది. దాని నుంచి పైకీ కిందికీ జానెడేసి పొడవున నల్లటి చార, చివర్లకు పోనుపోను సన్నమై ఆగిపోయింది. బయటి వైపు వెంట్రుక లావు ముదురు గీత. ఆ గీతకు ఇవతల తెల్లటి కలప, దాని మీద మరక లేదు. మేకు తల మీంచి బెరడు పూర్తిగా కప్పుకుపోయింది కాబట్టి బయటికి మచ్చ కూడా కనబడదు. పెద్ద మాలి ఆ గీత మీద గోరుతో గీసి చూసి, "తొర్రలు చెక్కినప్పుడు మనం తీసేసింది దీన్నేనా సార్?" అని అడిగాడు. అవును, దాన్నే. ఉలి ఆ గోడను దాటి మంచి కలపను తాకిన క్షణం నుంచి కుళ్లుకు దారి తెరుచుకుంటుంది. పైన సిమెంటు పోస్తే, గాలికి మాను ఊగుతుంది, సిమెంటు ఊగదు. సందులో నీళ్లు నిలుస్తాయి. అమెరికాలో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో తొర్రలకు సిమెంటు నింపడం పెద్ద వ్యాపారంగా సాగి, తర్వాత ఆగిపోయింది. మన దగ్గర ఇంకా టెండర్లలో కనిపిస్తోంది.

తారు కుళ్లును ఆపదు. గాయం అంచుల్లోని సజీవ కణాలను మాడ్చే అవకాశం మాత్రం ఉంది. మామిడి, బత్తాయి తోటల్లో ఉద్యానశాఖ చెప్పే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) సంగతి వేరు, అది ఫలానా తెగులుకు ఫలానా మందు. ప్రతి కోతకూ పూసే పూత కాదు.

నిజానికి కోత ఎక్కడ పడిందన్నదే అసలు వైద్యం. కొమ్మ మానుతో కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. గోడ కట్టే శక్తి అక్కడే ఎక్కువ. నున్నగా కనిపించాలని మానుకు అంటుకుపోయేలా కోస్తే ఆ ఉబ్బు కూడా పోతుంది. అలాగని మూర పొడవు మోడు వదిలితే అది ఎండి కుళ్లును లోపలికి తీసుకుపోతుంది. ఉబ్బుకు వెలుపల కోయాలి. ముందు కాస్త దూరంలో అడుగు నుంచి సగం కోసి, తర్వాత పై నుంచి కోసి బరువు దించి, ఆపైన చివరి కోత పెట్టాలి. లేకపోతే కొమ్మ బరువుకు బెరడు మాను పొడవునా చీలుకుపోతుంది. ఈ ప్రాంగణంలో అలాంటి చీలికలు చాలా చెట్ల మీద కనిపించాయి.

భవనం పేరు రోడ్డు మీదికి కనిపించాలని ఏటా ఈ చెట్ల తలలు ఒకే ఎత్తుకు నరికేవారు. నరికాక గుబురుగా చిగుళ్లు వస్తే చెట్టుకు కొత్త బలం వచ్చిందని సంతోషించేవారు. అది బలం కాదు. ఆకు పోయిన చెట్టు ఉన్న పిండిపదార్థం ఖర్చుపెట్టి ఆదరాబాదరాగా వేసిన రెమ్మలవి, మానుకు గట్టిగా అతుక్కోవు. పైపెచ్చు అంత లేత చిగురు ఒక్కచోట దొరికితే టీ దోమకు విందే. దానికి తోడు ఏటా యూరియా. ఎరువును చెట్టుకు ఆహారం అనుకుంటారు. చెట్టు ఆహారం చక్కెర, దాన్ని ఆకే తయారుచేసుకుంటుంది. ఆకును నరికేసి యూరియా వేస్తే ఉన్న నిల్వలు మరింత తొందరగా ఖర్చవుతాయి.

చెదలు పట్టాయన్న ఫిర్యాదు కూడా ఉంది. మట్టిగూళ్లు గీకి చూస్తే చెదలు తింటున్నది ఎండిన పైబెరడునే, లోపలి సజీవ పొరను కాదు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సెలైన్ సీసాలు కట్టి చెదల మందు ఎక్కించిన ఫొటోలు దేశమంతా తిరిగాక, ప్రతి ప్రాంగణం వాళ్లూ నన్ను అదే అడుగుతారు. అక్కడ సందర్శకులను ఆపడం, బరువైన ఊడల కొమ్మలకు ఆనుడు కట్టడం వంటి పనులు కూడా జరిగాయి. ఫొటోకు అందేది సీసా ఒక్కటే. హౌరాలోని వృక్షశాస్త్ర ఉద్యానంలో ఉన్న పెద్ద మర్రికి శిలీంధ్రం సోకిన మూల కాండాన్ని 1925లో పూర్తిగా తీసేశారు. ఊడల మీద చెట్టు ఇప్పటికీ విస్తరిస్తూనే ఉంది. రోగి అన్న పోలికలో ఇమిడే సంగతి కాదిది.

అన్నట్టు, వేప ఇరవైనాలుగు గంటలూ ఆక్సిజన్ ఇస్తుందని ఆ వరుసలో ఒక బోర్డు కూడా ఉండేది. వెలుతురు లేనిదే ఏ చెట్టూ ఆక్సిజన్ ఇవ్వదు, వేపైనా రావైనా. కళాశాలలో వృక్షశాస్త్ర విభాగం ఉండి కూడా ఆ బోర్డు ఏళ్లపాటు ఎలా నిలిచిందో!

వెనకాల అడవి

చిట్టడవి భాగంలో బిల్లుడు, మోదుగ, చిరుమాను, సోమి, అక్కడక్కడా గడ్డి మైదానం. దక్కన్ పొడి అడవి ఎలా ఉండాలో అలాగే ఉంది. దాన్ని బాగుచేయాలని యాజమాన్యం తాపత్రయం. ఏటా ఆకులు ఊడ్చి కుప్పలు కాల్చేవారు. ఎండి నిలబడ్డ మానులు తెగులు వ్యాపింపజేస్తాయని తీసేసేవారు. ఖాళీ కనిపించిన చోటల్లా గోతులు తవ్వి మొక్కలు పెట్టేవారు. మార్చిలో ఆకు రాల్చిన చిరుమానులను చచ్చినవాటి కింద లెక్కగట్టి కొన్నిటిని కొట్టించారు కూడా. వాటి మొదళ్ల నుంచి పిలకలు వచ్చాయి, అవి అలా రావడం వాటి స్వభావం.

ఇక్కడ నేను చెప్పింది చాలావరకు 'మానేయండి' అనే. ఆకుల పొర మట్టిలో తేమ నిలుపుతుంది, కుళ్లి తిరిగి నేలకు చేరుతుంది. దాన్ని కాల్చిన చోట మొలకలు చస్తాయి, పెద్ద చెట్ల మొదళ్ల బెరడు మాడి కుళ్లుకు ద్వారాలు ఏర్పడతాయి. వేప శిలీంధ్రం మోదుగ మీదికో బిల్లుడు మీదికో పాకేది కాదు. ఎండిన మానుల్లో వడ్రంగిపిట్టలు తొలిచిన రంధ్రాలున్నాయి, వాటిలో ఒకదాంట్లో చిలుకలు పిల్లలను పెట్టి ఉన్నాయి. ఖాళీ గడ్డినేల కూడా ఈ అడవిలో భాగమే, మొక్క లేని ప్రతి చోటూ లోపం కాదు. నిప్పు భయం న్యాయమైనదే కాబట్టి, సరిహద్దు వెంట పది పన్నెండు అడుగుల వెడల్పున గడ్డి కోసి అగ్నిరేఖ తీయించాం. దారి మీదికి ఒరిగిన ఎండుమాను ఒకటి కొట్టించి, దుంగను అక్కడే పడుకోబెట్టాం.

చేసిన పని, దక్కిన ఫలితం

చేసింది ఇంతే. అరుగులు తీసి వేళ్ల మొదళ్లు బయటపడే దాకా మట్టి దించాం. మానును బిగించిన వేళ్లను కోసేశాం. సిమెంటు దిమ్మెలను వీలైన చోట ఆరడుగుల దాకా, దారి ఇరుకైన చోట నాలుగడుగుల దాకా వెనక్కి జరిపించాం. ఆ జాగాలో ప్రాంగణం దారుల మీది ఆకులే నాలుగు అంగుళాల మందాన పరిచాం, మానుకు తగలకుండా జానెడు దూరం వదిలి. నీళ్లు మొదట్లో కాకుండా కొమ్మల నీడ అంచున, వేసవిలో పదిహేను రోజులకోసారి నేల లోతుగా తడిసేలా. యూరియా లేదు. తలలు నరకడం లేదు. మందు పిచికారీ నర్సరీ మొక్కలకు మాత్రమే. నలభై అడుగుల చెట్టు మొత్తం తడిసేలా కొట్టడం ఇలాంటి చోట సాధ్యమూ కాదు, పిల్లలు తిరిగే చోట క్షేమమూ కాదు. నింపిన సిమెంటును పెకలించలేదు, తీయబోతే మళ్లీ గోడ చెదురుతుంది.

2022 మార్చిలో ప్రహరీ వరుస మొత్తం చిగురించింది. భవనం ముందు వరుసలో మూడు చెట్లు రాలేదు. వాటిని అనుమతి తీసుకుని కొట్టించాం. మూడింటి మొదళ్లలోనూ నేలకు సమంగా బెరడు చుట్టూతా కుళ్లి ఉంది, అంటే ఆకు నుంచి చక్కెర వేరుకు చేరడం ఎప్పుడో ఆగిపోయింది. మిగిలినవి పలచగా చిగురించాయి. ఆ వర్షాకాలం చివర ఎండు మళ్లీ వచ్చింది. ఈ తెగులు ఏటా ఎంతో కొంత వస్తుందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి గుత్తేదారును ఎవరూ పిలవలేదు. ఆ తర్వాతి ఏళ్లలో భవనం ముందు చెట్ల ఆకు ప్రహరీ చెట్ల ఆకుకు దగ్గరగా వచ్చింది, ఇంకా సమానం కాలేదు.

గేటు పక్కన ఒక వేప మాను బోలుగా ఉంది. చెక్క సుత్తితో చుట్టూ కొట్టి శబ్దం విని, సన్నటి బెజ్జంతో ఒకచోట మందం కొలిచాం. మంచి కలప గోడ వ్యాసార్ధంలో దాదాపు సగం ఉంది. మూడో వంతు కంటే తగ్గితే ఆలోచించాలన్నది ఈ రంగంలో ఒక మోటు లెక్క, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. అయినా బోలు మాను బతికి ఉండటంలో వింత లేదు. నడిమి కలప ఎలాగూ నిర్జీవమే, నీరు పారేది బయటి పొరల్లో. చెట్టును ఉంచాం, దాని కింది సైకిళ్ల షెడ్డును అవతలికి మార్పించాం. ప్రతి వర్షాకాలానికి ముందు దాన్ని తట్టి చూడాలని మాలీల పనుల పట్టికలో రాయించాం.

తీయాల్సిన అరుగు ఇంకా ఒకటి మిగిలి ఉంది. దాత పేరు చెక్కిన శిలాఫలకం దానికే ఉంది. పలకను గోడకు మార్చి అరుగు తీయడానికి దాత కుటుంబం ఒప్పుకుంటే, వచ్చే వేసవిలో ఆ పని పెట్టుకుంటాం.